బ్లాబ్ కాలమ్‌లో పెట్టిన ఫోటోలు సగమే వస్తున్నాయి. డేటాబేస్‌లోనే ఉంచాలా, ఫోల్డర్‌కి మార్చాలా?

ఇంటర్_ఆఫీసు:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఒక జూనియర్ కాలేజీకి అడ్మిషన్లు, ఐడీ కార్డులు చూసుకోవడానికి చిన్న అప్లికేషన్ రాసి ఇచ్చాను. కోడ్ పీహెచ్‌పీలో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. విద్యార్థి పేరు, గ్రూపు, తండ్రి పేరు, ఫోన్ నంబరు ఉన్న టేబుల్‌లోనే ఫోటోకి ఒక బ్లాబ్ కాలమ్, అంటే ఫైల్‌ని బైట్లుగా దాచే కాలమ్ పెట్టాను. అప్‌లోడ్ చేసేటప్పుడు ఎర్రర్ ఏమీ రావడం లేదు. తిరిగి చూపించేటప్పుడు మాత్రం కొందరి ఫోటోలు శుభ్రంగా వస్తున్నాయి, కొందరివి నుదురు, కళ్ల దాకా వచ్చి అక్కడి నుంచి కిందంతా బూడిద రంగు. అదే ఫోటో ఫోన్‌లో తెరిస్తే పూర్తిగా కనబడుతోంది. కార్డులు ప్రింటుకి పంపాల్సిన సమయం దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలో చెప్పగలరా?

రాయలసీమ_కోడ్:
తమ్ముడూ, ఫోటోని బ్రౌజర్‌కి పంపే పీహెచ్‌పీ ఫైల్ మొదట్లో ఖాళీ లైను గానీ స్పేస్ గానీ ఉందేమో చూడు. కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైల్ ముందు మూడు బైట్ల గుర్తు కూడా పెడతాయి. అవి బొమ్మ కంటే ముందు వెళ్తే జేపెగ్ పాడవుతుంది.

పాత_డీబీఏ:
అది చూడాల్సిందే, కానీ ఇక్కడ కారణం అది కాదనుకుంటాను. అలా అయితే బొమ్మ అసలు తెరుచుకోదు, పైగా అందరిదీ పాడవ్వాలి. ఈయనకు కొందరివే, అదీ పైనుంచి సగం వస్తున్నాయి. ఒక పని చేయండి. విద్యార్థి నంబరు, ఫోటో కాలమ్ మీద ఆక్టెట్ లెంగ్త్ (ఎన్ని బైట్లో చెప్పే ఫంక్షన్), ఈ రెండే సెలెక్ట్ చేసి, పెద్ద సైజులు పైకి వచ్చేలా వరస పెట్టి చూడండి. పైన ఏ అంకె వస్తోందో చెప్పండి.

ఇంటర్_ఆఫీసు:
చూశాను సార్. బూడిద రంగు వచ్చిన ప్రతి ఫోటో పక్కనా 65,535 అనే ఉంది. ఒక్క అంకె తేడా లేదు. బాగా వస్తున్నవన్నీ అంతకంటే తక్కువ.

పాత_డీబీఏ:
దొరికింది. మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబ్ నాలుగు సైజుల్లో ఉంటుంది. టైనీబ్లాబ్‌లో 255 బైట్లు పడతాయి. ఉత్త బ్లాబ్‌లో 65,535 బైట్లు, అంటే 64 కేబీకి ఒక బైటు తక్కువ. మీడియంబ్లాబ్ 16 ఎంబీ దాకా, లాంగ్‌బ్లాబ్ 4 జీబీ దాకా. మీరు ఉత్త బ్లాబ్ పెట్టారు. ఫోన్‌తో తీసిన ఫోటో 64 కేబీ దాటగానే మిగతాది కోసేసి, సరిపడినంత వరకు దాచేసింది.

ఎర్రర్ ఎందుకు రాలేదంటే మీ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ లేదు. 5.7 వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్‌లో అది ముందే ఆన్ చేసి ఉంటుంది. అప్పుడు పట్టనంత డేటా ఇస్తే కాలమ్‌లో పట్టదని చెప్పి ఆ ఇన్సర్ట్‌నే తిప్పికొడుతుంది. మీ సెట్టింగుల ఫైల్‌లో ఎస్‌క్యూఎల్ మోడ్ అనే లైను చూడండి, అందులో స్ట్రిక్ట్ మాట కనబడకపోవచ్చు. స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వర్ డేటాని కోసి, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్‌ని అడిగి చూసే కోడ్ మనలో ఎవరూ రాయరు. కాలమ్ మార్చడం కంటే ముందు స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేయండి. ఈసారి ఫోటో కోసింది, రేపు పొడవైన ఇంటిపేరు కోస్తుంది.

ఇంకో మాట. కాలమ్‌ని మీడియంబ్లాబ్‌కి మారిస్తే ఇకపై వచ్చే ఫోటోలు బాగుంటాయి గానీ ఇప్పటికే తెగిపోయినవి తిరిగి రావు. ఆ బైట్లు డేటాబేస్‌లోకి చేరనే లేదు. ఒరిజినల్స్ మళ్లీ తీసుకోవాలి.

రాయలసీమ_కోడ్:
బాగా చెప్పారు. దీనికి ఒకటి కలుపుతాను. బూడిద రంగు కనబడినవే పాడైనవి అనుకోకు తమ్ముడూ. మామూలు జేపెగ్ పైనుంచి కిందికి విప్పుకుంటూ వస్తుంది, అందుకే తెగిన చోటు నుంచి బూడిద రంగు వస్తుంది. ప్రోగ్రెసివ్ జేపెగ్ అలా కాదు. మొదట బొమ్మంతా మసకగా, తర్వాత విడతలుగా స్పష్టంగా వస్తుంది. అది సగంలో తెగితే మనిషి మొత్తం కనబడతాడు, కాస్త మసకగా. ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లు 'ఫోన్ కెమెరా బాగాలేదేమో' అనుకుని కార్డు ప్రింట్ చేసేస్తారు. కళ్లతో ఏరకు, 65,535 ఉన్న ప్రతి వరసనీ (టేబుల్‌లో రో) లిస్టు రాసుకో. జేపెగ్ మామూలుగా ఎఫ్ఎఫ్ డీ8 అనే బైట్లతో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. కొన్ని ఫోన్లు దాని తర్వాత కూడా ఏదో చేరుస్తాయి గనక ఆ ఒక్క పరీక్షతోనే తేల్చేయకూడదు, అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది.

ఇంటర్_ఆఫీసు:
చాలా థ్యాంక్స్ సార్, అన్నా. స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేశాను, మీడియంబ్లాబ్‌కి మార్చాను. ఇప్పుడు ఒక సమస్య వచ్చింది. చిన్న ఫోటోలు వెళ్తున్నాయి, ఫోన్ నుంచి నేరుగా వచ్చిన పెద్ద ఫోటో పెడితే 'సర్వర్ హ్యాజ్ గాన్ అవే' అని వస్తోంది. మరీ పెద్దది అయితే ఫారంలో నింపిన పేరు, నంబరు కూడా ఖాళీగా వస్తున్నాయి.

పాత_డీబీఏ:
రెండూ వేర్వేరు పరిమితులు. మొదటిది మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్. సర్వర్‌కి ఒక్కసారికి ఎంత డేటా పంపవచ్చో అది చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో మామూలుగా 64 ఎంబీ, 5.7లో 4 ఎంబీ. ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి వేసుకునే ప్యాకేజీల్లో ఇంకా తక్కువ పెట్టి ఉండొచ్చు, సెట్టింగుల ఫైల్‌లో చూసి పెంచండి. రెండోది పీహెచ్‌పీది. అప్‌లోడ్ ఫైల్ 2 ఎంబీ, ఫారం మొత్తం కలిపి 8 ఎంబీ అని ముందే పెట్టి ఉంటుంది. ఫారం మొత్తం ఆ రెండో పరిమితి దాటితే పీహెచ్‌పీ ఫారం నుంచి వచ్చినదంతా వదిలేస్తుంది, అందుకే పేరు కూడా ఖాళీగా వచ్చింది.

సర్వర్_గది:
నేను మొదటి నుంచీ చదువుతున్నాను. అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఫోటోలు డేటాబేస్‌లో ఎందుకు? ఫైల్ ఉండాల్సిన చోటు ఫైల్ సిస్టమ్. డేటాబేస్‌లో దాని దారి రాసుకుంటే చాలు. ఫోటోని వెబ్ సర్వర్ నేరుగా డిస్కు మీంచి పంపేస్తుంది, మధ్యలో పీహెచ్‌పీకి, మైఎస్‌క్యూఎల్‌కి పని ఉండదు. బ్యాకప్ కోసం డేటాబేస్‌ని ఒక ఫైల్‌గా తీసే డంప్ సంగతి చూడండి: ఫోటోలు లేని డంప్ చిన్న ఫైల్, ఉన్న డంప్ మోయలేనంత. ఫోటోలు మారకపోయినా రోజూ మొత్తం మళ్లీ డంప్ అవుతుంది. అదే ఫోల్డర్ అయితే ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం కొత్తవి మాత్రమే తీసుకుంటుంది. ఈ బరువు దింపడానికి రాత్రంతా కూర్చునేవాళ్లలో నేనొకడిని, అందుకే గట్టిగా చెబుతున్నాను.

పాత_డీబీఏ:
మీ బాధ అర్థమైంది, అందులో నిజం ఉంది. కానీ 'ఎప్పుడూ వద్దు' అనేది ఒప్పుకోను. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే, ఆయనతో పనిచేసిన ఇద్దరు ఇదే ప్రశ్న తీసుకుని మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద కొలిచి చూశారు. 256 కేబీ లోపు వస్తువులకి డేటాబేస్ మెరుగు, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్ మెరుగు, మధ్యలో ఉన్నవి ఎంత తరచుగా మార్చి రాస్తున్నామన్న దాన్ని బట్టి అని తేల్చారు. ఆనాటి డిస్కులు వేరు, ఈనాటి ఎస్‌ఎస్‌డీలు వేరు, ఆ అంకెల్ని యథాతథంగా పట్టుకోనక్కర్లేదు. అయినా సైజుని బట్టి తేల్చాలన్న పద్ధతి ఇప్పటికీ నిలుస్తుంది.

ఐడీ కార్డు ఫోటో ఎంత ఉంటుంది? 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటో 300 డీపీఐలో ప్రింట్ కావాలంటే 413 బై 531 పిక్సెళ్లు చాలు. ఆ సైజుకి తగ్గించి జేపెగ్‌గా సేవ్ చేస్తే 100 కేబీ లోపే వస్తుంది. ఫోన్ ఇచ్చిన నాలుగైదు ఎంబీల ఫైల్‌ని అలాగే దాచడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

యాప్_పని:
చిన్న బొమ్మల విషయంలో ఆయన చెప్పింది నిజం. యాప్‌లోనే ఇమిడిపోయే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ వాళ్లు తమ సైట్‌లోనే కొలిచి పెట్టారు. 10 కేబీ ఉన్న థంబ్‌నెయిళ్లని విడివిడి ఫైళ్లుగా చదవడం కంటే ఎస్‌క్యూలైట్ బ్లాబ్ నుంచి చదవడం సుమారు 35 శాతం వేగం. ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి మూసే ఖర్చు తప్పుతుంది, డిస్కు మీద చోటూ కలిసొస్తుంది. మొబైల్ యాప్‌లో నేను అలాగే వాడతాను.

ఏలూరు_లైబ్రరీ:
ఫోల్డర్ పద్ధతి అనుభవం నాకు ఉంది కాబట్టి రాస్తున్నాను. మా దగ్గర పాత పుస్తకాల అట్ట బొమ్మలు స్కాన్ చేసి, పుస్తకం పేరునే తెలుగులో ఫైల్ పేరుగా పెట్టారు. విండోస్‌లో జిప్ చేసి లైనక్స్ సర్వర్‌లో విప్పితే సగం పేర్లు ప్రశ్నార్థకాలు అయ్యాయి. ఇంకొన్ని కాపీయే కాలేదు. లైనక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి విడివిడిగా 3 బైట్లు. ఆ లెక్కన 85 గుర్తులు దాటకూడదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఉపశీర్షిక కూడా కలిపితే దాటిపోతుంది. విండోస్‌లో పెద్ద అక్షరాల జేపీజీ, చిన్న అక్షరాల జేపీజీ ఒకటే, లైనక్స్‌లో రెండూ వేరు. దాంతో ఇంకొన్ని బొమ్మలు కనబడకుండా పోయాయి. ఫోల్డర్‌లో పెట్టేవాళ్లు ఫైల్ పేరుగా మనిషి పేరుని, పుస్తకం పేరుని పెట్టకండి. పేరు డేటాబేస్‌లో ఉండాలి, ఫైల్‌కి అంకెలతో కూడిన పేరు చాలు.

సర్వర్_గది:
సరిగ్గా చెప్పారండీ. ఫైల్‌లోని బైట్ల మీద షా-256, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె, లెక్కకట్టి దాన్నే పేరుగా పెట్టాలి. మొదటి రెండు అక్షరాలతో ఒక ఫోల్డర్, తర్వాతి రెండింటితో లోపల ఇంకో ఫోల్డర్. అప్పుడు ఒకే ఫోల్డర్‌లో లక్షల ఫైళ్లు పోగుపడవు, ఒకే ఫోటో రెండుసార్లు వచ్చినా ఒకటే ఉంటుంది. డేటాబేస్‌లో పూర్తి దారి రాయకండి, సర్వర్ మారిన రోజు ఇబ్బంది పడతారు.

చిత్రావతి:
ఈ చర్చలో వేగం గురించే మాట్లాడుతున్నారు. నాకు ముఖ్యమనిపించేది ఫోటో, దాని వివరం విడిపోకుండా ఉండటం. ఒక అమ్మాయి రికార్డు ఉండి ఆమె ఫోటో దొరక్కపోతే, లేదా ఆమె పేరు పక్కన వేరే అమ్మాయి ఫోటో వస్తే, అది పరీక్ష హాలు గుమ్మం దగ్గర పిల్లకి ఎదురయ్యే సమస్య. డేటాబేస్‌లో రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే విడదీయలేని ఒకే పనిగా రాస్తాం. ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. ఫోల్డర్‌కి వెళ్తే ఆ హామీ మనమే కట్టుకోవాలి.

కట్టుకునే తీరు ఇది. ముందు ఫైల్‌ని తాత్కాలిక పేరుతో రాయాలి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చాలి, ఆ తర్వాతే డేటాబేస్‌లో వరస రాసి కమిట్ (ఖాయం) చేయాలి. మధ్యలో కరెంటు పోతే ఎవరికీ చెందని ఫైల్ ఒకటి మిగులుతుంది, దానివల్ల నష్టం లేదు. వరస ముందు రాసి ఫైల్ తర్వాత రాస్తే లేని ఫోటోకి దారి మిగులుతుంది. తీసేసేటప్పుడు దీనికి తిరగేసి: ముందు వరస తీసేయాలి, ఫైల్‌ని వెంటనే తీయకుండా కొన్ని రోజులు ఆగి, ఏ వరసా దాన్ని వాడటం లేదని చూసుకుని తీయాలి.

బ్యాకప్‌కీ ఒక క్రమం ఉంది. డేటాబేస్ డంప్ ముందు, ఫోల్డర్ కాపీ తర్వాత. తీసివేతలు ఆలస్యంగా జరుగుతున్నాయి కాబట్టి డంప్‌లో ఉన్న ప్రతి దారికీ కాపీలో ఫైల్ ఉంటుంది. తారుమారు చేస్తే, కాపీ అయ్యాక డంప్ మొదలయ్యేలోపు వచ్చిన ఫోటోలు పోతాయి.

సర్వర్_గది:
మేడమ్, ఇది నేను చెప్పాల్సింది, నాకంటే బాగా మీరే చెప్పారు. ఈ క్రమం పాటించకుండా ఫోల్డర్ వాడేవాళ్ల కంటే, డేటాబేస్‌లో పెట్టుకునేవాళ్లే నయమని ఒప్పుకుంటాను.

డల్లాస్_తెలుగు:
ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి ఇందులో మధ్యేమార్గం ఉంది. 2008 వెర్షన్ నుంచి ఫైల్‌స్ట్రీమ్ వచ్చింది. కాలమ్ వార్‌బైనరీ మ్యాక్స్, బైట్లు మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్‌గా డిస్కు మీద ఉంటాయి, ట్రాన్సాక్షన్, బ్యాకప్ అన్నీ డేటాబేస్‌వే. పాత ఇమేజ్ అనే కాలమ్ రకం ఇంకా వాడుతుంటే మార్చేయండి, దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు. ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో డేటాబేస్‌కి సైజు పరిమితి ఉంటుంది (2022 వెర్షన్ దాకా 10 జీబీ), ఫోటోలు అందులోనే పెడితే త్వరగా నిండుతుంది. ఫైల్‌స్ట్రీమ్‌లో ఉన్న డేటా ఆ లెక్కలోకి రాదు.

పోస్ట్‌గ్రెస్_నేస్తం:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే బైటీఏ అనే కాలమ్ రకం వాడండి, 1 జీబీ వరకు పడుతుంది. సుమారు 2 కేబీ దాటిన వరసల్లోని పెద్ద విలువల్ని అది టోస్ట్ అనే పక్క టేబుల్‌కి ముక్కలుగా పంపేస్తుంది. జేపెగ్ ముందే కుదించిన ఫైల్, దాన్ని మళ్లీ కుదించబోవడం వృథా. ఆ కాలమ్ స్టోరేజ్‌ని ఎక్స్‌టర్నల్‌కి మారిస్తే ఆ పని మానుకుంటుంది. లార్జ్ ఆబ్జెక్ట్ అనే రెండో పద్ధతి 4 టీబీ దాకా పడుతుంది గానీ, వరస తీసేసినా అది దానంతట అది పోదు, విడిగా తుడవాలి. ఐడీ ఫోటోలకి దాని జోలికి వెళ్లకండి.

రాయలసీమ_కోడ్:
బొమ్మని బేస్-64 చేసి, అంటే బైట్లని మామూలు అక్షరాలుగా మార్చి, టెక్స్ట్ కాలమ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకు తమ్ముడూ. ప్రతి 3 బైట్లకీ 4 అవుతాయి, మూడో వంతు బరువు ఊరికే పెరుగుతుంది.

ఇంటర్_ఆఫీసు:
అందరూ ఇంత ఓపికగా రాస్తున్నారు, ప్రతి మాటా నోట్ చేసుకుంటున్నాను. మావి ఏడాదికి కొన్ని వందల ఐడీ ఫోటోలు, అవి డేటాబేస్‌లోనే చిన్న సైజులో ఉంచుతాను. టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ స్కాన్లు కూడా పెట్టమంటున్నారు, అవి పెద్దవి కాబట్టి ఫోల్డర్‌లో చిత్రావతి మేడమ్ చెప్పిన క్రమంలో పెడతాను. ఇప్పుడు వేగం గురించి ఒక ప్రశ్న. ఒక సెక్షన్ లిస్టు తెరిస్తే 60 మంది ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వస్తున్నాయి. విద్యార్థి పేరు వెతికినా నెమ్మదిగా ఉంది. ఇది బ్లాబ్ వల్లేనా?

పాత_డీబీఏ:
పేరు వెతకడం నెమ్మదించడానికి అన్ని కాలమ్‌లూ అడిగే మీ సెలెక్ట్ స్టార్ కారణం అయి ఉండాలి. పేరు, గ్రూపు అడగాల్సిన చోట ఫోటోలు కూడా మోసుకొస్తోంది. ఫోటోని వేరే టేబుల్‌కి మార్చండి: విద్యార్థి నంబరు, ఫోటో, ఫైల్ రకం, సైజు, షా-256. ఇంకో లాభం ఉంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో మార్పులన్నీ రాసుకునే బైనరీ లాగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. వరసలో ఫోన్ నంబరు ఒక్కటి మార్చినా మొత్తం వరసని, పాతదీ కొత్తదీ, ఫోటోతో సహా ఆ లాగ్‌లో రాస్తుంది. ఫోటో వేరే టేబుల్‌లో ఉంటే ఆ బరువు ఉండదు.

చిత్రావతి:
ఫోటోలు ఒకదాని వెనక ఒకటి రావడానికి మైఎస్‌క్యూఎల్ కారణం కాకపోవచ్చు. ఫోటో పంపే ఫైల్‌లో లాగిన్ చూడటానికి సెషన్ స్టార్ట్ చేస్తున్నారు కదా? పీహెచ్‌పీ సెషన్ ఫైల్‌ని తెరిచినంతసేపూ తాళం వేసి ఉంచుతుంది. బ్రౌజర్ ఒకేసారి నాలుగైదు ఫోటోలు అడిగినా మొదటిది ముగిసేదాకా మిగతావి బయట నిలబడతాయి. లాగిన్ సరిచూసిన వెంటనే సెషన్ రైట్ క్లోజ్ పిలవండి, తర్వాత డేటాబేస్ నుంచి ఫోటో తీయండి.

అలాగే షా-256 అంకెని ఈట్యాగ్ (ఫైల్ మారిందో లేదో బ్రౌజర్‌కి తెలిపే గుర్తు) హెడర్‌గా పంపండి, క్యాష్ కంట్రోల్‌లో ప్రైవేట్ అని పెట్టండి. ఆఫీసు కంప్యూటర్ పదిమంది వాడతారు, మధ్యలో ఉన్న ప్రాక్సీలు పిల్లల ఫోటోలు దాచుకోకూడదు. బ్రౌజర్ రెండోసారి అదే ఈట్యాగ్ చూపించి అడిగితే, ఫోటో కాలమ్ ముట్టుకోకుండా 304, అంటే 'మారలేదు' అని జవాబిస్తే చాలు.

ఇంటర్_ఆఫీసు:
మేడమ్, ఆ ఒక్క లైనుతో 60 ఫోటోలూ ఒకేసారి పడ్డాయి! సైజు తగ్గించే కోడ్ కూడా పీహెచ్‌పీలో బొమ్మలు మార్చే జీడీ లైబ్రరీతో రాశాను. దాని తర్వాత కొందరు పిల్లలు పక్కకి పడుకున్నట్టు వస్తున్నారు. తగ్గించక ముందు నిలువుగానే కనబడేవారు.

చిత్రావతి:
ఫోన్ కెమెరా బొమ్మని తిప్పదు, 'ఇలా తిప్పి చూపించండి' అని ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్‌లోనే ఉండే వివరాల భాగం) ఓరియెంటేషన్ అనే ఒక అంకె రాస్తుంది. జీడీ మళ్లీ సేవ్ చేసేటప్పుడు ఎగ్జిఫ్ మొత్తం పోతుంది. ముందుగా ఓరియెంటేషన్ చదవండి. 3 అయితే 180 డిగ్రీలు, 6 అయితే కుడివైపుకి 90, 8 అయితే ఎడమవైపుకి 90. జీడీ ఎడమవైపుకి తిప్పుతుంది కాబట్టి 6 వచ్చినప్పుడు మైనస్ 90 ఇవ్వాలి. ఎగ్జిఫ్ పోవడం మంచిదే. లొకేషన్ ఆన్‌లో పెట్టి ఇంట్లో తీసిన ఫోటో అయితే ఆ ఇంటి అక్షాంశ రేఖాంశాలు అందులో ఉంటాయి. ఆ పిల్లల్లో చాలామందికి 18 నిండలేదు, కార్డుకి ముఖం చాలు, ఇంటి చిరునామా మనం మోయనక్కర్లేదు.

సర్వర్_గది:
మెమోల ఫోల్డర్‌ని వెబ్ సర్వర్ చూపించే చోట అస్సలు పెట్టకండి, నంబరు మార్చి ఎవరైనా పక్కవాళ్ల టీసీ తెరవగలరు. బయట ఫోల్డర్‌లో పెట్టి, లాగిన్ చూశాకే పంపండి. మీ వెబ్ సర్వర్ ఎంజినెక్స్ అయితే ఎక్స్ యాక్సెల్ రీడైరెక్ట్ హెడర్ ఇస్తే ఫైల్ పంపే పని అదే చూసుకుంటుంది. వచ్చిన ఫైల్ రకం బ్రౌజర్ చెప్పినదాన్ని నమ్మకుండా పీహెచ్‌పీలోని ఫైన్‌ఫోతో బైట్లు చదివించి తేల్చుకోండి.

ఇంటర్_ఆఫీసు:
అన్నీ మార్చాను. తెగిపోయిన ఫోటోల లిస్టు ఆఫీసుకి ఇచ్చాను, పిల్లల్ని పిలిచి మళ్లీ తీస్తున్నారు. చివరగా ఒకటి. ఫోటో కాలమ్‌ని పాత టేబుల్ నుంచి తీసేయడానికి ముందు బ్యాకప్ ఎలా తీసుకోవాలి?

పాత_డీబీఏ:
మైఎస్‌క్యూఎల్ డంప్‌కి హెక్స్ బ్లాబ్ ఆప్షన్ ఇవ్వండి. బైనరీ బైట్లు అక్షరాల్లోకి మారిపోతాయి కాబట్టి ఏ ఎడిటర్‌లో తెరిచినా, ఏ సర్వర్‌కి పంపినా పాడవవు. ఫోటోల వరకు సైజు రెట్టింపు అవుతుంది, అవ్వనివ్వండి. డంప్‌కి కూడా ప్యాకెట్ పరిమితి విడిగా ఉంటుంది, అది సరిపోతుందో చూడండి. ఆ డంప్‌ని ఇంకో ఖాళీ డేటాబేస్‌లో ఎక్కించండి. ప్రతి ఫోటో మీద షా-256 మళ్లీ లెక్కకట్టి, కొత్త టేబుల్‌లో దాచిన అంకెతో పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా పాత కాలమ్ ముట్టుకోవద్దు. అన్నీ సరిపోయాక కాలమ్ తీసేయండి. డిస్కు మీద ఫైల్ ఇంకా తగ్గలేదనిపిస్తే ఆప్టిమైజ్ టేబుల్ నడపండి. అది టేబుల్‌ని కొత్తగా కట్టి పాతది తీసేస్తుంది, అంత ఖాళీ డిస్కులో ఉందో లేదో ముందే చూసుకోండి. కాలేజీ వేళల్లో కాకుండా సాయంత్రం పెట్టుకోండి.